నీ వయస్సెంత?

(యౌవనస్థుల కూటములలోను, కుటుంబ ప్రార్థనలలోను చదువుకొనుటకు పాఠము)

చదువవలసిన భాగములు: ఆదికాండము 27:1–29, యెహోషువ 9:3–27, యోహాను 9:18–23, సంఖ్యాకాండము 1:1–3, 4:1–15.

ఈ నెల పాఠము కొందరికి వింతగా తోచవచ్చును. మద్యము అమ్ము బారులలోనికిని, రాత్రివేళ ఆటపాటలు జరుగు క్లబ్బులలోనికిని వెళ్లువారిని ద్వారమునొద్ద ఆపి వయస్సు రుజువు చేయుమని అడుగుదురు. ఆ అడుగుటను గురించియే ఈ పాఠము. మన పల్లెకును ఆ క్లబ్బులకును ఏమి సంబంధమని పెద్దలు అడుగవచ్చును. సంబంధము కలదు. మన ఇండ్ల బిడ్డలు చదువుల నిమిత్తమును ఉద్యోగముల నిమిత్తమును హైదరాబాదుకు, బెంగుళూరుకు, సముద్రము దాటి అమెరికాకు, ఇంగ్లాండుకు వెళ్లుచున్నారు. అక్కడ ఒక శనివారపు రాత్రి స్నేహితులు రమ్మని పిలిచినప్పుడు వారు మనలను అడిగి వెళ్లరు. ద్వారమునొద్ద నిలిచిన కావలివాడు మాత్రము వారిని అడుగును. వానికి వారు చెప్పు జవాబు ఆ ద్వారమునొద్ద పుట్టినది కాదు. చాల ముందుగానే ఇంటివద్ద పుట్టినది. కాబట్టి ఈ పాఠము పల్లెకు చెందినదే.

1. చట్టము చెప్పు లెక్క

మద్యము కొనుటకు ఆంధ్రప్రదేశ్‌లోను తెలంగాణలోను 21 సంవత్సరములు నిండియుండవలెను. గోవాలో 18 చాలును. కేరళలో 23 కావలెను. హర్యానాలో 25గా ఉన్న వయస్సును 2021 చివర అక్కడి శాసనసభ 21కి తగ్గించెను. గుజరాతులోను, 2016 నుండి బీహారులోను మద్యనిషేధము గలదు. ఇంగ్లాండులో 18, అమెరికాలో 21. జపాను దేశమువారు 2022లో యుక్తవయస్సును 18కి తగ్గించిరి గాని మద్యమునకు మాత్రము 20నే ఉంచిరి.

ఇది చూచి కొందరు కుర్రవాళ్లు, ఒక ఊరిలో పెద్దవాడనైన నేను రైలు దిగి మరియొక ఊరిలో చిన్నవాడనగుదునా, ఈ లెక్కలో అర్థమేమి అని నవ్వుదురు. లెక్కను మనుష్యులే పెట్టిరనుట నిజము. కాని మన కాలువలకు నీరు వదలు తేదీయు మనుష్యులు పెట్టినదే. ఒక కాలువకు ఒక తేదీ, మరియొక కాలువకు మరియొక తేదీ. అంతమాత్రము చేత రాత్రివేళ గట్టు తెగగొట్టి తన చేనికి నీరు పెట్టుకొన్నవానిని తెలివిగలవాడని ఊరు మెచ్చుకొనదు.

2. ఈ ప్రశ్న ఎక్కడనుండి వచ్చెను

వయస్సు అడుగుట వ్యాపారులు కనిపెట్టినది కాదు. బిడ్డలకొరకు దుఃఖపడినవారు దానిని కోరి తెచ్చిరి.

ఇంగ్లాండులో 1908వ సంవత్సరపు పిల్లల చట్టము, 14 ఏండ్లలోపు పిల్లలను బారులలోనికి రానీయకూడదని విధించెను. 5 ఏండ్లలోపు పసిబిడ్డకు మద్యము పట్టుట నేరమనియు అదే చట్టములో వ్రాయవలసి వచ్చెను. అట్లు వ్రాయవలసి వచ్చెననగా అప్పటి ఇండ్ల స్థితి ఎట్లుండెనో ఊహించుకొనుడి. తరువాత 1923లో, ఆ దేశపు పార్లమెంటులో కూర్చుండిన మొదటి స్త్రీయైన నాన్సీ ఆస్టరు పట్టుబట్టి, బారులలో 18 ఏండ్లలోపువారికి మద్యము అమ్మకూడదను చట్టమును చేయించెను.

అమెరికా సంగతి ఇంకను గమనింపదగినది. 1933లో అక్కడ దేశవ్యాప్తమైన మద్యనిషేధము తీసివేయబడినప్పుడు వయస్సు నిర్ణయము ఆయా రాష్ట్రములకు విడువబడెను. 1971లో 18 ఏండ్లవారికి ఓటు హక్కు వచ్చెను. ఓటు వేయగలవాడు త్రాగకూడదా అను వాదము బయలుదేరగా అనేక రాష్ట్రములు మద్యపు వయస్సును తగ్గించెను, కొన్ని తగ్గించలేదు. అప్పుడు ఏమి జరిగెను? వయస్సు ఎక్కువగా ఉన్న రాష్ట్రపు కుర్రవాళ్లు కారెక్కి, సరిహద్దు దాటి, తక్కువగా ఉన్న రాష్ట్రములో త్రాగి, అదే కారులో రాత్రి తిరిగి వచ్చుచుండిరి. అందరును ఇల్లు చేరలేదు.

1980లో కాలిఫోర్నియాలో క్యాండీ లైట్నరు అను తల్లి యొక్క 13 ఏండ్ల కుమార్తెను త్రాగి కారు నడిపిన ఒకడు గుద్ది చంపెను. వాడు కుర్రవాడు కాడు, పెద్దవాడే. అయినను ఆ తల్లి కన్నీళ్లతో కూర్చుండిపోక, త్రాగి బండి నడపుటకు విరోధముగా తల్లుల సంఘము నొకదానిని స్థాపించెను. మద్యపు వయస్సు దేశమంతట ఒక్కటిగా ఉండవలెనని పోరాడినవారిలో ఆ సంఘము ముఖ్యమైనది. 1984 జూలై 17న రీగన్ అధ్యక్షుడు ఆ చట్టముమీద సంతకము చేసెను. 21 ఏండ్ల నియమమును పెట్టని రాష్ట్రమునకు రహదారుల నిమిత్తము ఇచ్చు సొమ్ములో కొంత తగ్గింతుమని ఆ చట్టము చెప్పెను. దక్షిణ డకోటా రాష్ట్రము ఇది అన్యాయమని సుప్రీంకోర్టుకు వెళ్లెను గాని 1987లో ఓడిపోయెను. 1988 నాటికి అన్ని రాష్ట్రములును 21నే ఒప్పుకొనెను.

కాబట్టి ద్వారమునొద్ద కావలివాడు అడుగు ప్రశ్న వెనుక అనేకమంది తల్లులు నిలిచియున్నారని యౌవనస్థులు జ్ఞాపకముంచుకొనవలెను.

3. కావలివాడు ఏమి చూచును

యెహోషువ దినములలో గిబియోనీయులు ప్రాతదనమును వేషముగా కట్టుకొని వచ్చిరి. చినిగిన గోనెలు, కుట్టిన ద్రాక్షారసపు తిత్తులు, మాసికలు వేసిన చెప్పులు, ఎండి బూజుపట్టిన రొట్టెలు తెచ్చి, తాము దూరదేశస్థులమని నమ్మించిరి. ఇశ్రాయేలీయులు రొట్టెను చూచిరి గాని దేవునియొద్ద విచారణ చేయలేదు. నిజము మూడు దినములలో బయటపడెను.

నేటి కావలివాడు అంత సులువుగా నమ్మడు. అమెరికాలో అతడు కార్డుమీది ఫోటోను, ముఖమును పోల్చి చూచును. అంచును వ్రేలితో తడవును. ప్రత్యేకమైన దీపపు వెలుగులో పట్టి దాగియున్న గుర్తులు వెదకును. కార్డు వెనుకనున్న గీతలను యంత్రముతో చదివించి, ముందున్న తేదీతో సరిపోల్చును. కొందరు కావలివారు, నీ పుట్టినదినమునకు ఏ రాశి వచ్చునని అకస్మాత్తుగా అడుగుదురు. అరువు తెచ్చుకొన్న తేదీగలవాడు తడబడును. అక్కడ చాల రాష్ట్రములలో 21 ఏండ్లలోపువారి డ్రైవింగ్ లైసెన్సు నిలువుగాను, పెద్దవారిది అడ్డముగాను ఉండును గనుక చూడగానే తెలియును. కొన్ని క్లబ్బులు 18 ఏండ్లవారిని పాటలు వినుటకు రానిచ్చి, మద్యము పోయకుండుటకు వారి చేతి వెనుక నల్లని గుణకారపు గుర్తు వేయును.

అక్కడికి చదువబోయిన మనవారికి ఒక చిక్కు గలదు. మనము దినమును ముందు, నెలను తరువాత వ్రాయుదుము. అమెరికావారు నెలను ముందు వ్రాయుదురు. 05/08/2004 అని ఉన్నయెడల మనకు అది ఆగస్టు 5. వారికి మే 8. నిజము చెప్పువాడు కూడ ఈ తేడావలన అనుమానింపబడవచ్చును, లేదా వయస్సు చాలనివాడు పొరపాటున లోనికి పంపబడవచ్చును. పరదేశపు విద్యార్థి రుజువుగా పాస్‌పోర్టు చూపుట వాడుక. అయితే ఆ గుంపులో పాస్‌పోర్టు పోయినచో ఎంత శ్రమయో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ రాష్ట్రపు ప్రభుత్వమిచ్చు గుర్తింపు కార్డును తీసికొని దానిని వాడుకొనుట మంచిది. బ్యాంకులోనైనను మందుల దుకాణములోనైనను అది పనికివచ్చును.

మన దేశములో చాలమంది ఆధార్ కార్డు చూపుదురు. అందులో మొదటి 8 అంకెలు కప్పబడిన ప్రతిని తీసికొనుటకు వీలున్నది. ఎక్కడ చూపవలసి వచ్చినను, ఎవరి చేతిలో పెట్టవలసి వచ్చినను ఆ ప్రతియే క్షేమము.

4. అన్న బట్టలు వేసికొన్న తమ్ముడు

వయస్సు చాలనివాడు లోనికి పోవుటకు రెండు త్రోవలు వెదకును. ఒకటి, డబ్బిచ్చి దొంగ కార్డు చేయించుకొనుట. రెండవది, పోలికగల అన్న కార్డునో స్నేహితుని కార్డునో తెచ్చి తనదని చూపుట. రెండవది నేరము కాదని అనేకులు తలంచుచున్నారు, కార్డు నిజమైనదే గదా అని. అమెరికాలో అనేక రాష్ట్రముల చట్టము దీనిని కూడ శిక్షించును. మన దేశములో 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో, తాను మరియొకడనని చెప్పి మోసగించుట నేరముగా వ్రాయబడియున్నది.

యాకోబు చేసినది ఇదియే. ఇస్సాకు కన్నులు మందగించియుండెను. రిబ్కా పెద్దకుమారుని మంచి బట్టలు తెచ్చి చిన్నవానికి తొడిగించెను. మేకపిల్లల చర్మములు చేతులకును మెడకును కట్టెను. ఇస్సాకును మంచి కావలివానివలె పరీక్షించెను. నీవెవరవని అడిగెను, ఇంత త్వరగా వేట ఎట్లు దొరికెనని అడిగెను, దగ్గరకు పిలిచి చేతులు తడవి చూచెను, మరల అడిగెను, బట్టల వాసన చూచెను. స్వరము ఒకనిది, చేతులు మరియొకనివి అని అతనికి తోచెను. అయినను మోసపోయెను.

యాకోబు మొదట భయపడెను. తండ్రి కనిపెట్టినయెడల శాపము వచ్చునేమో అనెను. తల్లి, ఆ శాపము నామీదికి రానిమ్మని ధైర్యము చెప్పెను. నేటి స్నేహితులును అట్లే, ఏమియు కాదులే, మేము చూచుకొందుమని చెప్పుదురు. పని జరిగెనా? జరిగెను. అబద్ధము ఎప్పుడును పారదని మనము పిల్లలకు చెప్పినయెడల వారు నమ్మరు. కొన్నిసార్లు అది పారుననుట వారు కన్నులార చూచుచున్నారు. అయితే పారిన తరువాత ఏమాయెను? కొన్నాళ్లు దూరముగా ఉండుమని తల్లి పంపెను. ఆ కొన్నాళ్లు ఇరువది ఏండ్లాయెను. అతడు మరల తల్లిని చూచినట్లు గ్రంథములో వ్రాయబడలేదు. ఒకరికి బదులు మరియొకరిని చీకటిలో పంపి లాబాను అతనిని మోసగించెను. ముసలితనములో సొంత కుమారులే యోసేపు అంగీని మేకరక్తములో ముంచి తెచ్చి అతనికి చూపిరి. మేక చర్మముతో తండ్రిని మోసగించినవాడు మేక రక్తముతో మోసగింపబడెను.

మరియొక సంగతి చూడుడి. దీవెన పొందుచున్న గడియలో యాకోబు నిలిచినది తన పేరున కాదు, అన్న పేరున. అరువు కార్డుతో లోనికి పోయినవాని గతియు అదే. లోపల ఎంతసేపు కూర్చుండినను అక్కడ ఉన్నది వాడు కాడు, కార్డుమీది మనుష్యుడు. అక్కడ ఆపద వచ్చినయెడల వాడు తన పేరుతో సహాయము పిలుచుటకును భయపడును.

5. వెల చెల్లించువాడు ఎవడు

చిన్న అబద్ధమే గదా, ఎవరికి నష్టమని అడుగుదురు. నష్టమెవరికో చూడుడి.

ఇంగ్లాండులో చదువుకొను మన తెలుగు బిడ్డలు అనేకులు సాయంకాలములు దుకాణములలో పని చేసి ఖర్చులు గడుపుకొందురు. వయస్సు చాలనివానికి మద్యము అమ్మినయెడల అక్కడ యజమాని లైసెన్సుకు చిక్కు వచ్చుట మాత్రమే కాదు, చేతితో అమ్మిన పనివాడు సహా నేరస్థుడగును. అందుచేతనే 18 చాలుచోట కూడ 25 ఏండ్లలోపు కనబడు ప్రతివానిని కార్డు అడుగుట అక్కడి అనేక దుకాణముల నియమము. ఒక కుర్రవాడు నవ్వుచు చూపిన దొంగ కార్డువలన, అదే వయస్సుగల మరియొక తల్లి బిడ్డ పని పోగొట్టుకొనవచ్చును. కార్డు అరువిచ్చిన అన్నకును తంటాయే. ఇక ఇంటివద్ద పొలము తాకట్టు పెట్టి పంపిన తండ్రి ఉన్నాడు. పరదేశములో విద్యార్థి వీసామీద ఉన్నవానికి పోలీసు కేసు ఒక రాత్రితో పోవునది కాదు. అది వీసాకును చదువునకును ముప్పు తేవచ్చును. అబద్ధమాడినవాడు ఒకడు, వెల చెల్లించువారు నలుగురు.

6. మన పుట్టిన తేదీల సంగతి

ఇక్కడ పెద్దలు తమవైపు కూడ చూచుకొనవలెను. మన పల్లెలలో ఎంతమంది పుట్టిన తేదీ నిజమైన తేదీ? బిడ్డ మాఘమాసములో పుట్టును. బడిలో చేర్చునాడు వయస్సు చాలుటకు పంతులుగారు జూన్ 1 అని వ్రాయుదురు. పదవ తరగతి సర్టిఫికెట్టులో అదే నిలిచిపోవును. బిడ్డ ఊహ తెలిసినది మొదలు తనకు రెండు పుట్టినదినములున్నవని వినుచు పెరుగును. కాగితము అవసరమునుబట్టి మార్చుకొనునదని ఆ బిడ్డకు నేర్పినవారెవరు?

1969వ సంవత్సరపు చట్టము ప్రకారము బిడ్డ పుట్టిన 21 దినములలో జననము నమోదు చేయింపవలెను. 2023లో ఆ చట్టము సవరింపబడెను. 2023 అక్టోబరు 1 నుండి పుట్టిన బిడ్డలకు బడిలో చేరుటకును, డ్రైవింగ్ లైసెన్సునకును, ఓటర్ల జాబితాకును, వివాహ నమోదునకును జనన సర్టిఫికెట్టే పుట్టిన తేదీకి రుజువు. ఆధార్ కార్డు ఉన్నది గదా అని ఊరకుండవద్దు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక ప్రమాద నష్టపరిహారపు కేసులో, ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని ఎంచి, బడి సర్టిఫికెట్టులోని తేదీనే అంగీకరించెను. కాబట్టి మొదట వ్రాయించు తేదీనే సరిగా వ్రాయించుడి. మన సంఘపు బాప్తిస్మపు పుస్తకములో పుట్టిన తేదీ వ్రాయించునప్పుడు కూడ ఉజ్జాయింపుగా చెప్పక నిజముగా చెప్పుడి.

7. తలిదండ్రుల మాట

యోహాను 9వ అధ్యాయములో పుట్టుగ్రుడ్డివాడు చూపు పొందగా, అధికారులు అతని తలిదండ్రులను పిలిచి విచారించిరి. తమ కుమారుడు ఎదిగినవాడే, తన సంగతి తానే చెప్పుకొనగలడని వారు తప్పించుకొనిరి. వారు చెప్పిన వయస్సు సరియైనదే. కాని సమాజములోనుండి వెలివేయుదురను భయముచేత అట్లు చెప్పిరని సువార్తికుడు వ్రాసెను. సత్యమైన వయస్సును అడ్డము పెట్టుకొని కుమారుని ఒంటరిగా విడిచిరి.

మా వాడికి 21 నిండినవి, ఇక మాకు పనిలేదు అని మనము కూడ చెప్పుచున్నాము. వయస్సు వచ్చిన బిడ్డను కట్టివేయుమని నేను చెప్పుట లేదు. కాని ఫోనులో డబ్బు సంగతియు, అన్నము సంగతియు అడుగు తల్లి, నీ స్నేహితులెవరు, సెలవుదినము ఎట్లు గడచెనని కూడ ప్రేమతో అడుగవచ్చును. తప్పు చేసితినని చెప్పిన దినమున కేకలు వేయక వినుడి. చెప్పుకొనుటకు చోటు లేనివాడే దాచును.

8. వయస్సు దేనికి వచ్చును

సీనాయి అరణ్యములో జనసంఖ్య తీసినప్పుడు ఇరువది ఏండ్లు మొదలుకొని పై ప్రాయముగలవారు లెక్కింపబడిరి. ఎందుకు? సేనగా నిలుచుటకు. లేవీయులలో ముప్పది మొదలు ఏబది ఏండ్లవరకు గలవారు లెక్కింపబడిరి. ఎందుకు? ప్రత్యక్షపు గుడారపు పనికొరకు. కహాతీయులైతే పరిశుద్ధ వస్తువులను భుజములమీద మోయుటకు. అక్కడ వయస్సు రుజువైనదనగా భుజమునకు బరువు వచ్చినదని అర్థము.

మన దేశములో 18 నిండినవారికి ఓటు వచ్చును. 21 నిండిన పురుషుడు వివాహము చేసికొనవచ్చును, అనగా ఒక స్త్రీ బ్రదుకునకు పూచీ వహింపవచ్చును. అదే 21 మన రెండు రాష్ట్రములలో మద్యపు దుకాణపు వయస్సు కూడ. ఒకే అంకె రెండు ద్వారములను తెరచుచున్నది. యౌవనుడా, ఆ దినముకొరకు నీవు ఏ ద్వారమును తలంచి ఎదురుచూచుచున్నావు? చట్టము తలుపు తీసినంతమాత్రమున లోనికి పోవలెనని లేదు. అనుమతింపబడినదంతయు మేలుచేయునది కాదని అపొస్తలుడు కొరింథీయులకు నేర్పెను. కార్డు నీ సంవత్సరములను మాత్రమే రుజువు చేయును. అడిగినప్పుడు నిజము చెప్పుట, చాలనప్పుడు వెనుకకు తిరుగుట, స్నేహితులు నవ్వినను నవ్వనిచ్చుట, ఇవి నీవు పెద్దవాడవైతివని రుజువు చేయును. పదునేడేండ్లవాడైనను నాకు వయస్సు చాలదని చెప్పి ద్వారమునొద్దనుండి తిరిగి వచ్చినయెడల, ఆ రాత్రి అక్కడ నిలిచినవారిలో పెద్దవాడు వాడే.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. రిబ్కా యాకోబునకు చెప్పిన ధైర్యపు మాటవంటి మాటలు మన స్నేహితులలో ఎవరు చెప్పుదురు? వారికి ఏమి జవాబు చెప్పవలెను?

2. నీ పుట్టిన తేదీ కాగితములన్నిటిలో ఒక్కటిగా ఉన్నదా? లేనియెడల న్యాయమైన దారిలో దానిని సరిచేయించుకొనుటకు ఎవరిని కలిసికొనవలెను?

3. దూరమున ఉన్న మన సంఘపు బిడ్డల పేర్లు వ్రాసికొనుడి. ఈ నెలలో వారికి ఎవరెవరు ఫోను చేయుదురో కూటములోనే నిర్ణయించుకొనుడి.